ఆగని సేవ – అదనపు అండ

"సర్వరు పనిచేయడం లేదు, రేపు రండి." గత రెండు మూడు దశాబ్దాలలో తెలుగునాట పుట్టి, అతి త్వరగా నానుడిగా మారిపోయిన వాక్యమిది. చౌకధరల దుకాణం ముందు బియ్యం కోసం నిలుచున్న వృద్ధురాలు, పొలం రిజిస్ట్రేషనుకు సాక్షులను వెంటబెట్టుకొని వచ్చిన రైతు, పరీక్ష రుసుము కట్టడానికి గడువు చివరి రోజున వచ్చిన విద్యార్థి ఈ మాటను ఎప్పుడో ఒకప్పుడు విన్నవారే. సర్వరు ఎక్కడ ఉంటుందో, ఎలా ఉంటుందో వారు చూసి ఉండరు. అయినా అది ఆగిపోయిన రోజున వారికి ఒకరోజు కూలి పోతుంది. బస్సు ఛార్జీ దండగ అవుతుంది. ఒక్కొక్కసారి గడువే దాటిపోతుంది.

1998లో ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ కార్యాలయాలలో 'కార్డ్' పథకం ప్రవేశించింది. 2001లో హైదరాబాదులో 'ఈ-సేవ' కేంద్రాలు, 2011లో 'మీ-సేవ' వచ్చాయి. ఆ క్రమంలో కాగితపు దస్త్రాల నుంచి కంప్యూటరులోకి మారిన పనులు నేడు లెక్కకు మిక్కిలి. పనులు సులువయ్యాయి, నిజమే. దానితోపాటు కనిపించని ఒక యంత్రం మీద మన ఆధారం కూడా పెరిగింది. ఆ యంత్రాన్ని ఎంచుకునేవారు ఏమేమి ఆలోచించాలి? అది చెడిపోయినా సేవ ఆగకుండా ఎలా చూడాలి? ఈ పాఠంలో తెలుసుకోవలసిన విషయం ఇదే.

సర్వరు అంటే అనేకమంది అడిగిన సమాచారాన్ని భద్రపరచి, అడిగిన వెంటనే అందించే కంప్యూటరు. నిర్మాణంలో అది మన ఇంటి కంప్యూటరుకు దగ్గరి బంధువే. అందులోనూ ప్రాసెసరు, మెమరీ, డిస్కులు, విద్యుత్తును అందించే పవర్ సప్లై, వేడిని బయటికి పంపే ఫ్యానులు ఉంటాయి. భేదమంతా బాధ్యతలో ఉంది. ఇంటి కంప్యూటరు చెడితే ఒక్కరి పని ఆగుతుంది. సర్వరు చెడితే దానిని నమ్ముకున్న వేలమంది పని ఆగుతుంది. కాబట్టి సర్వరును కొనేవారు దాని వేగాన్ని గురించి అడిగే ముందు దాని విశ్వసనీయతను గురించి అడగాలి.

విశ్వసనీయతను గురించి మొదట తెలుసుకోవలసిన సత్యం ఒకటుంది. చెడిపోని యంత్రం లేదు. డిస్కుల తయారీదారులు తమ వస్తువుకు 'వైఫల్యాల మధ్య సగటు కాలం' పది లక్షల గంటలని ప్రకటిస్తుంటారు. లెక్క కడితే అది 114 సంవత్సరాలవుతుంది. ఒక డిస్కు 114 ఏళ్ళు బతుకుతుందని దీని అర్థం కాదు. వెయ్యి డిస్కులను ఏడాదిపాటు నడిపితే వాటిలో దాదాపు తొమ్మిది చెడిపోవచ్చునని మాత్రమే ఆ లెక్క చెబుతుంది. వాస్తవం ఇంతకన్నా కఠినమైనది. బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ అనే పరిశోధకులు దాదాపు లక్ష డిస్కుల వివరాలను పరిశీలించి 2007లో ఫలితాలను ప్రకటించారు. ప్రకటనల లెక్క ప్రకారం ఏటా నూటికి ఒకటి కన్నా తక్కువగా మార్చవలసిన డిస్కులను ఆచరణలో సాధారణంగా రెండు నుంచి నాలుగు వరకు మార్చవలసి వచ్చిందని వారు కనుగొన్నారు. మన డిస్కు చెడదని ఆశించడం కన్నా, అది ఏదో ఒకరోజు చెడుతుందని ముందే అంగీకరించి, ఆ రోజుకు తగిన ఏర్పాటు చేసుకోవడం వివేకం. ఆ ఏర్పాటునే కంప్యూటరు నిపుణులు 'రిడండెన్సీ' అంటారు. తెలుగులో దానిని 'అదనపు అండ' అని చెప్పుకుందాం. ఒకటి ఆగినప్పుడు ఆ పనిని అందుకోవడానికి మరొకటి సిద్ధంగా ఉండడమే దాని సారాంశం.

ఈ భావన గోదావరి తీరవాసులకు కొత్తది కాదు. పూతరేకులకు పేరుగాంచిన ఆత్రేయపురం పరిసరాలలో దీనికి చక్కని ఉదాహరణలున్నాయి. ఆత్రేయపురం మండలంలోని బొబ్బర్లంక గోదావరి ఆనకట్టను ఆనుకొని ఉన్న గ్రామం. సర్ ఆర్థర్ కాటన్ 1847–1852 సంవత్సరాల మధ్య నిర్మించిన పాత ఆనకట్ట స్థానంలో 1970లో ప్రారంభమై 1982లో పూర్తయిన నేటి బ్యారేజి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా లంకలను కలుపుతూ సాగుతుంది. దానికి మొత్తం 175 గేట్లున్నాయి. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద ఈ బ్యారేజి మీదుగా సముద్రానికి సాగిపోయింది. వరదను దిగువకు వదలవలసిన వేళ ఏదైనా ఒక గేటు మొరాయించినా మిగిలిన 174 గేట్లు నీటిని పంపగలవు. ఇలా పక్కపక్కనే ఉండి ఒకే పనిని పంచుకునే ఏర్పాటును 'సమాంతర' ఏర్పాటు అంటారు.

అదే బ్యారేజి నుంచి పొలాలకు నీరు చేరే తీరు వేరు. మధ్య డెల్టాలోని సుమారు రెండు లక్షల ఎకరాలకు నీరందించే ప్రధాన కాలువ బొబ్బర్లంక వద్ద మొదలవుతుంది. అది లొల్ల లాకుల వద్ద చీలి, శాఖలై, కోనసీమ చివరి వరకు పారుతుంది. చిట్టచివరి మడిలో నీరు నిలవాలంటే తలుపులు తెరుచుకోవాలి, ప్రధాన కాలువ గట్టు నిలవాలి, లాకులు పనిచేయాలి, పిల్లకాలువ పూడకుండా ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి విఫలమైనా ఆ మడి ఎండుతుంది. ఇలా ఒకదాని వెనుక ఒకటిగా ఉండే ఏర్పాటును 'శ్రేణి' ఏర్పాటు అంటారు. ఏ ఒక్క చోట తెగితే మొత్తం ఆగిపోతుందో ఆ చోటును 'ఏకైక వైఫల్య స్థానం' అని పిలుస్తారు.

ఈ రెండు ఏర్పాట్ల మధ్య ఉన్న తేడాను అంకెలు స్పష్టంగా చూపుతాయి. ఒక యంత్రం నూటికి 99 వంతుల కాలం పనిచేస్తుందని అనుకుందాం. వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ సంవత్సరానికి 8,760 గంటలు కాబట్టి అది 87.6 గంటలు, అంటే మూడున్నర రోజులకు పైగా ఆగిపోతుందన్నమాట. 99.9 శాతమైతే ఆగే కాలం 8.76 గంటలు, 99.99 శాతమైతే 53 నిమిషాల లోపు, 99.999 శాతమైతే దాదాపు ఐదు నిమిషాలు. దశాంశ బిందువు తరువాత చేరే ఒక్కొక్క తొమ్మిది వెనుక ఎంతో శ్రమ, ఎంతో ధనం ఉంటాయి.

ఇప్పుడు శ్రేణి ఏర్పాటును చూద్దాం. విద్యుత్తు, నెట్‌వర్కు, యంత్రం, డిస్కు, సాఫ్ట్‌వేరు అనే ఐదింటిలో ఒక్కొక్కటి 99.9 శాతం కాలం పనిచేస్తుందనుకుందాం. అవి ఒకదాని వెనుక ఒకటి నిలిచినప్పుడు మొత్తం సేవ లభించేది 0.999ను ఐదుసార్లు గుణిస్తే వచ్చినంత, అంటే సుమారు 99.5 శాతం మాత్రమే. సేవ ఏడాదికి దాదాపు 44 గంటలు ఆగుతుంది. విడివిడిగా మంచివైన ఐదు భాగాలు కలిసి ఒక సామాన్యమైన వ్యవస్థను తయారుచేశాయి. సమాంతర ఏర్పాటు ఇందుకు విరుద్ధం. 99 శాతం పనిచేసే రెండు యంత్రాలను ఒకదానికొకటి అండగా నిలిపితే, రెండూ ఒకేసారి ఆగే అవకాశం 0.01ని 0.01తో గుణిస్తే వచ్చినంత, అంటే పదివేలలో ఒక వంతు. అప్పుడు సేవ 99.99 శాతం కాలం లభిస్తుంది. సామాన్యమైన రెండు యంత్రాలు కలిసి ఒక మేలైన వ్యవస్థ అయ్యాయి. అయితే ఒకటి ఆగడానికీ మరొకటి ఆగడానికీ ఎటువంటి సంబంధమూ లేనప్పుడే ఈ గుణకారం చెల్లుతుంది. ఈ షరతును గుర్తుంచుకోవాలి; దీని ప్రాధాన్యం ముందు ముందు తెలుస్తుంది.

ఎక్కువ యంత్రాలను చేరిస్తే ఎక్కువ భద్రత లభిస్తుందని ఇక్కడ ఎవరైనా భావించవచ్చు. అది తొందరపాటు. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్టకున్న 33 గేట్లలో పందొమ్మిదవ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. మిగిలిన గేట్లన్నీ దృఢంగానే ఉన్నాయి. అయినా జలాశయం నీటిని నిలుపుకోలేకపోయింది. పైగా ఆనకట్ట మీద ఒత్తిడిని తగ్గించడానికి మిగిలిన గేట్లనూ తెరవవలసి వచ్చింది. రాయలసీమ ఆశగా చూసే నీరు నదిపాలైంది. వరదను వదలడం అనే పనిలో 33 గేట్లు ఒకదానికొకటి అండ. నీటిని నిలపడం అనే పనిలో మాత్రం 33 గేట్లూ గట్టిగా ఉండి తీరాలి. అక్కడ అవి శ్రేణి. ఒకే ఆనకట్ట, అవే గేట్లు, కానీ పని మారగానే బలం బలహీనతగా మారింది. కాబట్టి "ఎన్ని ఉన్నాయి?" అని అడగడంతో సరిపోదు. "ఏ పనికి, ఏది ఆగినప్పుడు, ఏది అండ?" అని అడగాలి.

సర్వరులోని డిస్కుల విషయంలో ఈ ప్రశ్న మరింత అవసరం. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ అనేవారు చవకైన అనేక డిస్కులను జట్టుగా కూర్చి నమ్మకంగా వాడుకునే పద్ధతులను వివరిస్తూ ఒక పత్రం ప్రచురించారు. ఆ పద్ధతులే 'రెయిడ్' అనే పేరుతో ప్రసిద్ధికెక్కాయి. వాటిలో 'రెయిడ్ సున్నా' అని నేడు వ్యవహరించే అమరికలో సమాచారాన్ని ముక్కలు చేసి రెండు డిస్కుల మీద పంచి రాస్తారు. వేగం పెరుగుతుంది, కానీ ఏ ఒక్క డిస్కు చెడినా సమాచారమంతా పోతుంది. డిస్కులు రెండైనా అండ సున్నా. 'రెయిడ్ ఒకటి'లో ఒకే సమాచారాన్ని రెండు డిస్కుల మీద అద్దంలో ప్రతిబింబంలాగా రాస్తారు. ఒకటి చెడితే రెండవది పనిని కొనసాగిస్తుంది. రెండు పద్ధతులలోనూ కొన్న డిస్కులు రెండే. తేడా అంతా వాటిని అమర్చిన తీరులో ఉంది.

'రెయిడ్ ఐదు' అనే అమరికలో మరొక తెలివైన ఉపాయం ఉంది. మూడు డిస్కుల మీద వరుసగా 1, 0, 1 అనే అంకెలున్నాయని అనుకుందాం. నాలుగవ డిస్కు మీద రాసే అంకెను, నాలుగింటిలోని ఒకట్ల సంఖ్య ఎల్లప్పుడూ సరిసంఖ్య అయ్యేటట్లు ఎంచుకుంటారు. ఇక్కడ ఒకట్లు రెండున్నాయి కాబట్టి నాలుగవ అంకె 0. ఇప్పుడు రెండవ డిస్కు చెడిపోయిందనుకుందాం. మిగిలినవి 1, 1, 0. ఒకట్లు సరిసంఖ్యలోనే ఉన్నాయి కాబట్టి పోయిన అంకె 0 అని తేలుతుంది. ఇలా మూడు డిస్కుల సమాచారానికి ఒక్క డిస్కు అండగా నిలుస్తుంది. అయితే చెడిన డిస్కును మార్చి సమాచారాన్ని తిరిగి నింపడానికి నేటి పెద్ద డిస్కులలో చాలా గంటలు పడుతుంది. ఆ వ్యవధిలో మరొక డిస్కు చెడితే అంతా పోతుంది. ఒకే కర్మాగారంలో ఒకే రోజున తయారై, ఒకే గదిలో ఒకే వేడిని భరించిన డిస్కులు దాదాపు ఒకే కాలంలో చెడిపోవడం అరుదేమీ కాదు. అందుకే రెండు డిస్కులు పోయినా తట్టుకునే 'రెయిడ్ ఆరు' వాడుకలోకి వచ్చింది.

డిస్కుల తరువాత చూడవలసింది విద్యుత్తు. మంచి సర్వరుకు రెండు పవర్ సప్లైలుంటాయి. ఒకటి కాలిపోతే రెండవది మొత్తం భారాన్ని మోస్తుంది. యంత్రాన్ని ఆపకుండానే చెడినదానిని ఊడదీసి కొత్తదానిని అమర్చవచ్చు. అయితే ఈ రెండింటినీ ఒకే ప్లగ్గు పలకకు తగిలిస్తే ప్రయోజనమేమిటి? ఆ పలకకు విద్యుత్తు ఆగితే రెండూ ఆగుతాయి. ఒకటి ఒక యూపీఎస్‌కు, మరొకటి వేరొక మార్గానికి కలిపినప్పుడే అవి నిజంగా రెండు. ఫ్యానుల విషయమూ అంతే. ఒక ఫ్యాను ఆగితే మిగిలినవి వేగం పెంచి గాలిని పంపగలగాలి. మెమరీలో దోషాలను సవరించే రకాన్ని ఎంచుకోవాలి. బెల్ ప్రయోగశాలలో పనిచేసిన రిచర్డ్ హామింగ్ 1950లో ప్రకటించిన సూత్రమే దీనికి మూలం. ప్రతి సమాచార సమూహానికీ కొన్ని అదనపు అంకెలను చేర్చితే, ఎక్కడో ఒక అంకె తారుమారైనప్పుడు యంత్రమే గుర్తించి దిద్దుకోగలదు. ఆగిపోయిన సర్వరు కన్నా తప్పు లెక్కను ఒప్పుగా చూపించే సర్వరు ప్రమాదకరం. ఆగిపోయినదాని సంగతి అందరికీ తెలుస్తుంది; తప్పు చెప్పేదాని సంగతి ఎవరికీ తెలియదు.

ఇన్ని ఏర్పాట్లు చేసినా యంత్రమంతా ఒకేసారి ఆగిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు అండగా నిలవవలసింది మరొక యంత్రమే. అనేక యంత్రాలను జట్టుగా నడిపే విధానాన్ని 'క్లస్టరు' అంటారు. మన దేశంలో ఈ తరహా ఏర్పాటుకు పెద్ద ఉదాహరణ రైల్వే రిజర్వేషన్. దేశంలోని రిజర్వేషన్ కేంద్రాలను ఒకదానితో ఒకటి కలపడానికి రూపొందించిన 'కాన్సర్ట్' అనే సాఫ్ట్‌వేరును తొలిసారిగా అమలుచేసింది 1994లో, సికింద్రాబాదులో. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు అనే ఐదు కేంద్రాలూ ఒక్కటయ్యాయి. రాజమండ్రిలో కిటికీ ముందు నిలుచున్న ప్రయాణికుడు దేశంలో ఏ మూల నుంచి ఏ మూలకైనా టిక్కెట్టు తీసుకోగలిగాడు. పండుగల రోజులలో లక్షలమంది ఎదురుచూసే అటువంటి సేవను ఒక్క యంత్రం మీద నిలపడం సాహసమే అవుతుంది. అందుకే అక్కడ యంత్రాలను జట్లుగా నడిపారు.

ఇక ఇంతకు ముందు గుర్తుంచుకోవాలని చెప్పుకున్న షరతు దగ్గరకు వద్దాం. రెండు యంత్రాలున్నా, రెండింటినీ ఒకే కారణం పడగొట్టగలిగితే అవి లెక్కకు ఒక్కటే. 1996 జూన్ 4న ఐరోపా దేశాలు ప్రయోగించిన ఏరియాన్-5 రాకెట్టు బయలుదేరిన 40 సెకన్ల లోపే అదుపు తప్పి ధ్వంసమైంది. దాని దిశను లెక్కించడానికి ఒకటి చెడితే మరొకటి ఉండాలని రెండు యంత్రాలను అమర్చారు. కానీ రెండింటిలోనూ ఉన్నది ఒకే సాఫ్ట్‌వేరు. పాత రాకెట్టు కోసం రాసిన ఒక లెక్క కొత్త రాకెట్టు వేగానికి తట్టుకోలేక, ఒకే తప్పుతో రెండూ క్షణంలో వంతు వ్యవధిలో ఆగిపోయాయి. 2011 మార్చి 11న జపానులోని ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రంలో భూకంపం వల్ల బయటి విద్యుత్తు ఆగగానే అత్యవసర జనరేటర్లు పనిచేయడం ప్రారంభించాయి. అంతవరకూ అంతా అనుకున్నట్లే జరిగింది. తరువాత వచ్చిన సునామీ, పల్లంలో ఉంచిన జనరేటర్లలో అత్యధిక భాగాన్ని ఒకేసారి ముంచివేసింది.

డెల్టా ప్రాంతంలో నివసించేవారు ఈ రెండవ ఉదంతాన్ని ప్రత్యేకంగా గమనించాలి. గోదావరికి వరద వచ్చే పల్లపు నేలలో సర్వరు గదిని, దానికి అండగా ఉండే జనరేటరును కింది అంతస్తులోనే పక్కపక్కన పెడితే, నీరు రెండింటినీ ఒక్క రాత్రిలో తీసుకుపోతుంది. 1996 నవంబరు 6న కోనసీమ మీద విరుచుకుపడిన తుఫాను కొబ్బరిచెట్లతోపాటు విద్యుత్ స్తంభాలను, టెలిఫోను తీగలను నేలకూల్చింది. అటువంటి విపత్తులో విద్యుత్తు, సమాచార మార్గం విడివిడిగా కాక, ఒకేసారి ఆగుతాయి. ఇంటర్నెట్ కోసం ఇద్దరు సరఫరాదారుల దగ్గర రెండు కేబుళ్ళు తీసుకున్నామని కొందరు నిశ్చింతగా ఉంటారు. ఆ రెండూ ఒకే రోడ్డు పక్కన ఒకే కందకంలో సాగితే, పొక్లెయిను ఒక్క పోటుతో రెండింటినీ తెంచుతుంది. ఆత్రేయపురం నుంచి రాజమండ్రి వెళ్ళడానికి బొబ్బర్లంక మీదుగా బ్యారేజి దారి ఒకటి, రావులపాలెం మీదుగా జొన్నాడ వంతెన దారి మరొకటి ఉన్నాయి. అవి గోదావరిని వేర్వేరు చోట్ల దాటుతాయి. బ్యారేజి మీద రాకపోకలు నిలిచినా రెండవ దారి మిగులుతుంది. కేబుళ్ళ విషయంలోనూ అటువంటి వేర్పాటు ఉన్నదో లేదో విచారించాలి.

చాలామంది పొరబడే మరొక విషయం ఉంది. అదనపు అండ వేరు, నకలు దాచుకోవడం వేరు. రెండు డిస్కులు ఒకే సమాచారాన్ని రాసుకుంటున్నప్పుడు, ఒక ఉద్యోగి పొరపాటున ఒక దస్త్రాన్ని తుడిచివేస్తే, అది రెండింటిలోనూ అదే క్షణంలో తుడిచిపెట్టుకుపోతుంది. అద్దం మంచినీ చెడునూ ఒకేలా ప్రతిబింబిస్తుంది. వైరస్సు సోకినా, అగ్నిప్రమాదం జరిగినా ఇదే పరిస్థితి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజన్ నగరంలో ప్రభుత్వ సమాచార కేంద్రంలో బ్యాటరీల వద్ద మంటలు చెలరేగి వందలాది ప్రభుత్వ సేవలు నిలిచిపోయాయి. ప్రభుత్వోద్యోగులు తమ దస్త్రాలను దాచుకునే ఒక వ్యవస్థలోని 858 టెరాబైట్ల సమాచారం తిరిగి రాకుండా నశించింది. పరిమాణం చాలా ఎక్కువ కావడం వల్ల దానికి మరొక చోట నకలు ఉంచలేదు. సాంకేతికతలో ప్రపంచానికే పేరుగాంచిన దేశంలో ఇలా జరిగింది. సేవ ఆగకుండా చూసేది అదనపు అండ. పోయినదానిని తిరిగి తెచ్చేది నకలు. ఒకటి ఉన్నదని రెండవదానిని మానుకోరాదు. నకలును మరొక ఊరిలో ఉంచాలి. దానినుంచి సమాచారం నిజంగా తిరిగి వస్తున్నదో లేదో అప్పుడప్పుడు పరీక్షించాలి.

పరీక్ష అనే మాట అండకంతటికీ వర్తిస్తుంది. రెండు డిస్కులలో ఒకటి చెడినా సర్వరు మామూలుగానే పనిచేస్తుంది. అదే దాని గొప్పతనం, అదే దాని ప్రమాదం కూడా. ఎర్రదీపం వెలిగినా చూసేవారు లేకపోతే, ఆ రోజు నుంచి అది అండలేని యంత్రమే. రెండవ డిస్కు చెడిన రోజున "రెండు డిస్కులున్నాయి కదా!" అని ఆశ్చర్యపోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అవుతుంది. చెడినదానిని ఎంత త్వరగా మార్చగలమన్నది కూడా విశ్వసనీయతలో భాగమే. తుంగభద్రలో కొట్టుకుపోయిన గేటు స్థానంలో వెంటనే దించడానికి తాత్కాలిక గేటు సిద్ధంగా లేదు. గేట్ల నిర్మాణంలో సుదీర్ఘ అనుభవం గల కన్నయ్య నాయుడు మార్గదర్శకత్వంలో నిపుణులు, కార్మికులు ఇనుప పలకలను తయారుచేసి, నీరు పారుతుండగానే ఒకదాని మీద ఒకటిగా దించి, ఆగస్టు 17 నాటికి ప్రవాహాన్ని అరికట్టారు. ఆ సాహసం ప్రశంసనీయం. విడిభాగం ముందే చేతికి అందుబాటులో ఉంటే అటువంటి సాహసం చేయవలసిన అవసరమే తగ్గుతుందన్నది దాని నుంచి నేర్చుకోవలసిన పాఠం. అందువల్ల సర్వరు కొనేవారు దాని విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో, సాంకేతిక నిపుణుడు ఎన్ని గంటలలో రాగలడో, ఎన్ని సంవత్సరాలు ఆ సౌకర్యం లభిస్తుందో ముందే తెలుసుకోవాలి. పల్లెకు దగ్గరలో దొరికే సామాన్యమైన యంత్రం, మహానగరం నుంచి మనిషి రావలసిన ఖరీదైన యంత్రం కన్నా కొన్ని సందర్భాలలో మేలు.

ఈ విషయాలన్నింటినీ ఒక ఊహాత్మక ఉదాహరణకు అన్వయించి చూద్దాం. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ ఊరి తయారీదారులు కొందరు కలిసి దూరప్రాంతాల నుంచి వచ్చే ఆర్డర్లను స్వీకరించడానికి ఒక సర్వరును ఏర్పాటు చేసుకోదలచారనుకుందాం. వారు మొదట వేసుకోవలసిన ప్రశ్నలు రెండు. సేవ ఎంతసేపు ఆగినా భరించగలం? ఎంత సమాచారం పోయినా భరించగలం? మామూలు రోజులలో రెండు మూడు గంటలు ఆగినా పెద్ద నష్టం ఉండదు. సంక్రాంతికి, దీపావళికి ముందు వారంలో మాత్రం ఒక్క పూట ఆగినా ఆర్డర్లు చేజారతాయి. వేడి కుండ మీద రేకు తీసే మహిళలకు పని తగ్గుతుంది. డబ్బు చెల్లించినవారి ఆర్డరు వివరాలు పోవడమైతే ఏ రోజునైనా సహించరానిది. అది ఊరి పేరుకే మచ్చ.

అటువంటి సంఘానికి ఐదు యంత్రాల క్లస్టరు అవసరం లేదు. ప్రతిబింబ పద్ధతిలో పనిచేసే రెండు డిస్కులు, రెండు పవర్ సప్లైలు, దోషాలను సవరించే మెమరీ గల ఒక సర్వరు. పై అంతస్తులో యూపీఎస్, జనరేటరు. వేర్వేరు దారులలో వచ్చే రెండు ఇంటర్నెట్ మార్గాలు. ప్రతి ఆర్డరును వెంటనే మరొక ఊరిలో నకలు చేసుకునే ఏర్పాటు. ఒక డిస్కు, ఒక పవర్ సప్లై చేతిలో నిల్వ. పండుగలకు నెల ముందు ఒకరోజు కావాలని ఒక పవర్ సప్లైని ఆపి, ఒక డిస్కును తీసివేసి, పని సాగుతున్నదో లేదో చూసుకోవాలి. సొంత యంత్రం కొనకుండా పెద్ద సంస్థల సర్వర్లను అద్దెకు తీసుకోవడం కూడా నేడు సులభం. కానీ అద్దెకు తీసుకున్నంత మాత్రాన ప్రశ్నలు మారవు. సమాచారం ఎన్ని చోట్ల ఉన్నది, అవి ఒకదానికొకటి ఎంత దూరం, ఆగితే ఎవరు పలుకుతారు అని అక్కడా అడగవలసిందే.

ఇదే కొలత అన్నింటికీ సరిపోదు. 108 వంటి అత్యవసర సేవకు, ఆసుపత్రికి, బ్యాంకుకు నిమిషాలే ముఖ్యం. అక్కడ యంత్రాలను జంటలుగా, దూరదూరపు నగరాలలో నిలపవలసి ఉంటుంది. ఒక చిన్న పాఠశాల గ్రంథాలయ జాబితాకు ప్రతి రాత్రీ ఒక నకలు ఉంటే చాలు. అవసరానికి మించిన అండ కూడా భారమే. ప్రతి అదనపు భాగమూ చెడిపోగల మరొక భాగమేనని, దానిని కనిపెట్టి ఉండడానికి మనిషి కావాలని మరువరాదు. అండకు పెట్టే ఖర్చును, సేవ ఆగితే కలిగే నష్టంతో తూచి చూడడమే సరైన పద్ధతి. ఆ నష్టాన్ని లెక్కించేటప్పుడు సంస్థకు పోయే రూపాయలతోపాటు, దుకాణం ముందు నుంచి ఉత్త చేతులతో వెనుదిరిగే వృద్ధురాలి రోజుకూలిని కూడా లెక్కలో చేర్చాలి. సాధారణంగా ఆ పద్దు ఎవరి ఖాతాలోనూ కనిపించదు.

రేపు మీలో కొందరు ఇంజనీర్లవుతారు, కొందరు అధికారులవుతారు, కొందరు సొంతంగా వ్యాపారాలు ప్రారంభిస్తారు. ఏదో ఒకనాడు ఒక యంత్రాన్ని ఎంచుకునే బాధ్యత మీ మీద పడుతుంది. అమ్మేవారు దాని వేగాన్ని, ఆకారాన్ని, ధరలో ఇచ్చే రాయితీని వర్ణిస్తారు. వాటిని వినండి. తరువాత ఒక తెల్లకాగితం తీసుకొని, విద్యుత్తు స్తంభం నుంచి సేవ అందుకునే మనిషి వరకు దారిలో ఉన్న ప్రతి భాగాన్నీ వరుసగా రాయండి. ఒక్కొక్కదాని ఎదుట "ఇది ఆగితే?" అని ప్రశ్న వేసుకోండి. ఏ ప్రశ్నకు జవాబు ఉండదో, మీ శ్రద్ధ, మీ ధనం మొదట చేరవలసింది అక్కడికే.